నట్టల మందు, రెండోసారి

నారాయణరావుపేట
7 జూలై 2024

హంసిక బాపుకు,

చీటీ రాస్తే మొదలు క్షేమం అని రాయాలంట. రాసిన అనుకో. నీ ఫోను మీ కఫీలు, ఆ అరబ్బు సేటు, గుంజుకున్నంక మనకు ఇదొక్కటే తొవ్వ మిగిలింది, మీ మంద కాడ సిగ్నల్ గూడ లేదాయె. నేను ఇక్కడ రాసి సిద్దిపేట పోతే షహజాదీ అక్క ఫోటో తీసి అక్కడున్న వాళ్ళాయన ఖుతుబ్ భాయికి పంపుతది. ఆయన మీ మంద కాడికి నీళ్ళ ట్యాంకరు తెచ్చేటప్పుడు కాయితం మీద తీయించి నీ చేతుల పెడతడు. "నోటితోనే చెప్పు, మాట పంపుతా" అన్నది షహజాదీ అక్క. వద్దన్న. ఇయ్యాల రాసేది నోటితోని చెప్పేది కాదు. ఖుతుబ్ భాయికి తెలుగు చదువ రాదు, అదే మంచిగైంది.

బిడ్డకు ముడ్డి దురద. రాయడానికే సిగ్గయితుంది, నవ్వకు. రాత్రిపూట గోక్కునుడే గోక్కునుడు, పండ్లు పటపట కొరుకుడు. పొద్దుగాల చూస్తే తెల్లటి దారప్పోగుల తీరు సన్నటి పురుగులు. నిద్ర లేక బడిల పండుకుంటుందంట. "ఏందమ్మా, మీ బిడ్డ రెండో తరగతికి వస్తున్నదా, పండుకోవడానికి వస్తున్నదా" అని సారు అందరి ముందట అన్నడు. మీ అవ్వ ఏమో, "గదంత దిష్టే. బెల్లం బుక్కుడు బంజేస్తే అదే పోతది" అని ఉప్పు మిరపకాయలు తిప్పి పొయ్యిల వేసింది. దగ్గినం గాని దురద పోలేదు.

నువ్వు డ్రైవరు పని అని పోయి గొర్లు కాస్తున్నవు, నేను గొర్లు లేని ఇంట్ల ఉన్న. బాగనే ఉన్నది మన సంసారం.

కింద హంసిక రాసింది చూడు.

బాలమణి

బాపు నేను గొర్రెను ఏసిన. నువు తొందర రా. హంసిక.

(ఐదు కాళ్ళేందే అని నేనంటే ఒకటి తోక అన్నది. తోక వేరే ఉన్నది కదా అంటే మొకం ముడుచుకున్నది.)


మంద కాడ
24 జూలై 2024

బాలమణీ,

ఐదు కాళ్ళ గొర్రెను చూసి మస్తు నవ్విన. ఇక్కడ నవ్వితే వినేది గొర్లే. అవి తలకాయ లేపి చూసి మళ్ళ మేతల పడ్డయి. బిడ్డకు చెప్పు, ఇంత పెద్ద మందల ఒక్కదానికి గూడ ఐదు కాళ్ళు లేవు, ఈసారి నాలుగేస్తే ఇక్కడి గొర్లకు చూపిస్త.

నువ్వేదో రాసినవు గాని అది నట్టలు పడుడు. అంతే. గొర్లు కాసే మన కుర్మోళ్ళకు గొర్రె కడుపుల పడ్డా మనిషి కడుపుల పడ్డా నట్టలే కదా. చదువుకున్నోళ్ళు నులిపురుగులు అంటరంట. ఖుతుబ్ భాయిని పట్నంల మందుల దుకాణంల అడగమన్న. ఆయన పోయిన వారం అడిగి వచ్చి మొత్తం చెప్పిండు. చిన్న నమిలే గోలి. డాక్టరు చీటీ అక్కర లేదు, సిద్దిపేట బస్టాండు కాడి మెడికల్ షాపుల అడిగితే ఇస్తరు. ఒకటి ఇప్పుడు ఇయ్యాలె, రెండు వారాలకు ఇంకొకటి ఇయ్యాలె. మొదటి మందుకు పురుగులే సస్తయంట, గుడ్లు సావవు. అవి పొదిగినంక రెండో మందు పడాలె. అందుకే రెండు కొని ఒకటి ఇంట్ల పెట్టు. ఇంట్ల అందరు వేసుకోవాలంట, నువ్వు గూడ, అవ్వ గూడ. ఒక్కరికి ఉంటే అందరికి అంటుతదంట. బిడ్డ గోర్లు తియ్యి. పొద్దుగాల లేవంగనే తానం చేయించు. బొంతలు వేడినీళ్ళల్ల పిండి ఎండకెయ్యి.

దిష్టి అనుకుంట కూసోకున్రి. అవ్వకు నేను చెప్పిన్నని చెప్పు. నా మాట ఆమెకు దేవుని మాట.

కఫీలును ఇంటికి పంపమని అడిగిన. "గొర్లు ఈనినంక" అన్నడు. పోయినసారి "ఉన్ని కోసినంక" అన్నడు. ఈ గొర్లు ఈనుడు ఒడుస్తదా, ఉన్ని పెరుగుడు ఒడుస్తదా? నా పాసుపోర్టు ఎక్కడ పెట్టిండో గూడ చెప్తలేడు.

దేవరాజు


నారాయణరావుపేట
11 ఆగస్టు 2024

హంసిక బాపుకు,

నీ మందు మంచిగ పని చేసింది. బిడ్డ ఇప్పుడు తెల్లారేదాక ఒక్క తీరున పండుకుంటుంది. సారు గూడ ఇప్పుడేం అంటలేడు.

మెడికల్ షాపుల నా పాట్లు వింటే నవ్వుతవు. నేను పోయినప్పుడు ఎవరు లేరు. నోరు తెరిచేసరికి మొగోళ్ళు ఇద్దరు వచ్చి పక్కన నిలవడ్డరు. ఒకడు మన ఊరి శైలేందర్. "ఏం గావాలె అక్కా" అన్నడు షాపు పిలగాడు. "బిడ్డకు కడుపుల..." అన్న. "కడుపు నొప్పా? లూజ్ మోషన్సా?" అంటడు. "కాదు." "మరేంది?" శైలేందర్ నా దిక్కే చూస్తుండు. చెవుల నుంచి పొగలొచ్చినయి అనుకో. చివరికి "దురద... పురుగులు..." అని నేలకు చెప్పినట్టు చెప్పిన. వాడు గట్టిగ "ఓ, నులిపురుగులా!" అని గోలి నా చేతుల పెట్టిండు. అట్లనే ఉరికొచ్చిన.

గోర్లు తీస్తా అంటే మీ అవ్వ మంగళారం వద్దన్నది, శుక్రారం వద్దన్నది. ఆదివారం తీసిన. అది బిడ్డ పుట్టిన వారమంట, దానికి గూడ గునిగింది.

అటుక సర్దుతుంటే మీ అవ్వ గొర్ల గంటలు, మందు పోసే గొట్టం, సామానంత తీసి తుడిచి మళ్ళ పెట్టింది. "ఇవెందుకత్తా, గొర్లు అమ్మి ఎన్ని రోజులాయె" అంటే, "నా కొడుకు అచ్చినంక మల్ల మంద పెడ్తడు. గప్పుడు ఎవల ఇంటికి పోయి అడుక్కోవాలె?" అన్నది.

బాలమణి

బాపు నాకు దురద పోయింది. గొర్రెకు నాలుగు కాళ్ళు ఏస్తె పడిపోతది. అందుకే ఐదు. హంసిక.


మంద కాడ
25 ఆగస్టు 2024

బాలమణీ,

పొద్దటి నుంచి మందకంత నట్టల మందు పోసిన. నడుము ఇరిగింది. చేతుల వాసన పోక బువ్వ గూడ తినబుద్ధి కాలేదు. ఖుతుబ్ భాయి ట్యాంకరు ఖాళీ అయ్యేలోపు రాసియ్యాలె, గీతలు కొంకిరి బింకిరి ఉంటయి.

రెండోసారి మందు ఇచ్చినవా, లేదా? నీ చీటీల ఆ ముచ్చటే లేదు. దురద పోయింది కదా అని ఊకోకు. గుడ్లు పొదిగితే మళ్ళ మొదటికొస్తది. కైకిలి పనుల పడి నువ్వు మరిచిపోతవని నాకు తెలుసు. అందుకే అవ్వకే చెప్తున్న, ఈ ముక్క చదివి వినిపియ్యి:

అవ్వా, నట్టల మందు ఇంట్లనే ఉన్నది కదా. బాలమణి పొలం పోయినా నువ్వు మరువకుండ హంసికకు రెండోసారి పొయ్యి. దిష్టి, గాలి అని మాట్లాడకు. వద్దని ఏడిస్తే దవడ పట్టుకొని పొయ్యి. నువ్వు పట్టుకుంటే పొట్టేలే మింగుతది, ఇదెంత. నువ్వు గూడ తీసుకో.

హంసిక చెప్పింది నిజమేనేమో. ఐదు కాళ్ళుంటే పడిపోదు.

దేవరాజు


నారాయణరావుపేట
12 సెప్టెంబరు 2024

హంసిక బాపుకు,

నీ చీటీ అందింది. అవ్వకు చదివి వినిపించిన.

బిడ్డకు జెర పానం బాగలేదు. వాంతులైనయి. దవాఖానకు తీసుకపోతున్న. పరేషాన్ కాకు. ఇప్పుడు ఎక్కువ రాయలేను, షహజాదీ అక్క ఇంటి కాడ కూసొని రాస్తున్న, బస్సు దొరకాలె.

హంసిక ఈసారి రాయలేదు.

బాలమణి


మంద కాడ
26 సెప్టెంబరు 2024

బాలమణీ,

ఇదేం చీటీ? మూడు ముక్కలు రాసి పరేషాన్ కాకు అంటే ఎట్ల కాకుండ ఉంటరు? వాంతులెందుకైనయి? జరమా, ఏంది? ఊర్ల అందరికి వస్తున్న జరమేనా? నీళ్ళు కాసి తాగిపియ్యి.

హంసిక ఎందుకు రాయలేదు? అలిగిందా? గొర్రె కాళ్ళ ముచ్చట పదే పదే తీసిన్నని అలిగింది అనుకుంట. అచ్చం నీ అలుకే. నేను నవ్వుల మాట అన్న అని చెప్పు. ఇగ కాళ్ళు లెక్క పెట్టను. పది కాళ్ళేసినా మంచిదే.

ఇక్కడ ఒక గొర్రెపిల్ల పుట్టింది. పెయ్యంత తెలుపు, మొకం ఒక్కటే నలుపు. కఫీలు కొడుకు దానికి పేరు పెట్టలేదు, నేనే హంసి అని పిలుస్తున్న. రంగు పెన్సిళ్ళు కొనిచ్చి దాని బొమ్మ వెయ్యమను. మొకం నలుపు, మిగిలింది తెలుపు, మరువద్దని చెప్పు.

రెండోసారి మందు పడ్డది కదా? అదొక్కటన్న రాయి. అది పడితే నాకు సగం బుగులు పోతది.

దేవరాజు


నారాయణరావుపేట
14 అక్టోబరు 2024

హంసిక బాపుకు,

పడ్డది. నువ్వు చెప్పిన మందు రెండోసారి పడ్డది.

ఇన్ని రోజులు దాచిన. నయమైతది, నయమైనంక రాస్త అనుకున్న. ఇగ దాచడానికి ఏం లేదు. హంసికకు కండ్లు కనిపిస్తలేవు.

ఎట్లయ్యిందో వరుసగ చెప్త. నేను రెండు గోలీలు కొనలేదు. ఆ షాపుల ఒక్కటి చేతుల పడంగనే ఉరికొచ్చిన కదా, మళ్ళ పోయి ఆ మాట చెప్పుడు నాతోని కాలేదు. దురద పోయింది, ఇంకెందుకులే అనుకున్న. నీ చీటీ వచ్చినరోజు మీ అవ్వకు నువ్వు రాసింది చదివిన. రెండోది ఇంట్ల లేదని ఆమెకు చెప్పలేదు. ఆదివారం తెచ్చి నేనే ఇస్తగా అని మనసుల అనుకొని తెల్లారి కలుపుకు పోయిన. మీ అవ్వ అటుక ఎక్కింది. గంటల పక్కన సీసా ఉండె, గొర్లున్నప్పటిది. నట్టల మందు. ఇంట్లనే ఉన్నది కదా అన్నవు. పొయ్యి అన్నవు. ఆమె పోసింది.

సాయంత్రం నేనొచ్చేసరికి సంబురంగ చెప్పింది, "పోసిన పిల్లా, ఏడ్వనే లేదు. గొర్రెపిల్లకు పోసినంతే పోసిన, ఎక్కువ పొయ్యలే." ఉప్పునీళ్ళు తాగిపిచ్చి కక్కిచ్చిన. అప్పుడే దవాఖాన పోవాల్సింది. రాత్రి బానే ఉన్నది, ఏం కాలేదు అనుకున్న. తర్వాత వాంతులు, మబ్బు మబ్బుగ పండుకునుడు. ఒక పొద్దు లేచి, "అమ్మా, ఇంకా తెల్లారలేదా?" అన్నది. ఎండ గడపల పడి ఉన్నది.

సిద్దిపేట దవాఖానల సీసా తెమ్మన్నరు. డాక్టరు దాని మీద చదివి, ఎంత పోసిన్రని అడిగిండు. గొర్లకు పోసే మందులల్ల కొన్ని మనిషి కంటి నరాన్ని పాడు చేస్తయంట. హైదరాబాదు రాసిచ్చిండు. అక్కడ సూదులిచ్చిన్రు, తలకాయకు ఫోటోలు తీసిన్రు. కండ్లు మంచిగనే ఉన్నయంట. చూస్తే నీకు గూడ అట్లనే అనిపిస్తది, నల్లగ, పెద్దగ, ఎప్పటి తీరే. వెనక నరం ఎండిపోయిందంట. "కొందరికి జెర వస్తది, ఆశ పెట్టుకోకున్రి" అన్నరు. అట్ల రెండు మాటలు ఒక్కసారే ఎట్ల చెప్తరో నాకు తెలువదు.

బతుకమ్మ నాడు తంగేడు పువ్వు, గునుగు పువ్వు చేతులతోని తడిమి పేర్లు చెప్పింది. వాడకట్టు ఆడోళ్ళు చూసి ఏడ్చిన్రు. అది నవ్వింది, అన్ని సరిగ్గ చెప్పిన్నని.

నువ్వు పొయ్యి అని ఎందుకు రాసినవయ్యా? గోలి వెయ్యి అని రాస్తే ఏం పోయేది? నేను దుకాణంల ఒక్క మాట అననీకి సిగ్గుపడితి, నువ్వేమో గొర్ల మాట తప్ప ఇంకో మాట రానోని తీరు రాస్తివి. మీ అవ్వను ఏమనాలె? ఆమె నీ మాట వింటే ఇట్లయింది.

బాలమణి


మంద కాడ
2 నవంబరు 2024

బాలమణీ,

ఖుతుబ్ భాయి కాయితం ఇచ్చి ట్యాంకరు కాడ నిలవడ్డడు. చదివినంక ఏం చేసిన్నో నాకు సోయి లేదు. ఆయనే నీళ్ళు కొట్టి లేపిండంట.

మొదలు నీ మీదనే కోపం వచ్చింది. రెండు కొనమంటే ఒకటి కొంటివి, సిగ్గంట సిగ్గు, బిడ్డ కంటె ఎక్కువనా సిగ్గు అని ఒక కాయితం నిండ తిట్టిన. చింపేసిన. తర్వాత నేను రాసింది యాదికొచ్చింది. ఆ పొద్దంత గొర్లకు పోసి పోసి, నా నోట్ల పొయ్యి అనే మాట తప్ప ఇంకోటి లేకుండె. దవడ పట్టుకొని పొయ్యమన్న. నేనే అన్న.

కఫీలు కాళ్ళ మీద పడ్డ. వాడు నవ్విండు. "తల్లి చచ్చింది అని ఒకడు, పెండ్లాం ఆపరేషన్ అని ఒకడు, నువ్వు బిడ్డ కండ్లు అంటున్నవు" అన్నడు. ఖుతుబ్ భాయి అరబ్బీల మంచిగ చెప్పి చూసిండు. నీళ్ళ గుత్త ఇంకొకనికి ఇస్తా అనంగనే ఆయన గూడ నోరు మూసుకున్నడు. ఆయనకు పిల్లలున్నరు, ఆయననేమంట? రోడ్డుకు పోదామని ఒకనాడు నడిచిన. రోడ్డు రాలేదు. గొర్లే నన్ను వెతుక్కుంట వచ్చినట్టు ఎనుక వచ్చినయి, వాటిని తోలుకొని మళ్ళిన.

డాక్టరును ఒక మాట అడుగు. నా కన్ను ఒకటి తీసి పెడితే వస్తదా? ఒకటి చాలు నాకు, గొర్లు కాయడానికి. రెండూ ఇమ్మన్నా ఇస్త.

అవ్వకు నేను రాసుడు తప్పైందని చెప్పు. తిండి తింటుందా? సీసా ఇంట్ల ఉంటే పారెయ్యి. గంటలు గూడ అమ్ముకోన్రి. ఇగ మంద పెట్టను.

హంసికకు నా మాట ఏమన్న చెప్పు. ఏం చెప్పాల్నో నాకు తోస్తలేదు.

దేవరాజు


నారాయణరావుపేట
24 నవంబరు 2024

హంసిక బాపుకు,

డాక్టరును అడిగిన. కన్ను పెట్టుడుతోని కాదంట. కన్ను చెడలేదు కదమ్మా, నరం పెట్టుడు ఎవరితోని కాదు అన్నడు. మళ్ళ రావడానికి తారీఖు ఇయ్యలేదు. ఇంతకుముందు ఇచ్చేటోళ్ళు.

సీసా దవాఖానోళ్ళే తీసుకున్నరు. మీ అవ్వకు నీ మాట చెప్పిన. విన్నది. "రాసినోనికి ఏం తెల్సు, పోసింది నా చెయ్యి" అన్నది. ఆ చేత్తోని బిడ్డకు బువ్వ పెడతలేదు, జడ వేస్తలేదు. హంసిక "బాపమ్మా, బాపమ్మా" అని గోడ పట్టుకొని వెతుకుతుంటే ఆమె ఉన్నకాడనే ఉలుకు పలుకు లేకుండ కూసుంటది. బిడ్డ ఆమె పక్క నుంచే పోతది. నేను చూసుకుంట ఏం చెయ్యాలె? ఇద్దరిల ఎవరినని పట్టుకోవాలె?

ఇంకొకటి రాయాలె. దురద మళ్ళ మొదలైంది. నువ్వు చెప్పినట్టే గుడ్లు పొదిగినయి. ఈసారి నేను మెడికల్ షాపుకు పోయి, ఎంతమంది ఉన్నరో చూడకుండ, "నా బిడ్డకు ముడ్డి దురద, నులిపురుగులు, ఇంట్ల అందరికి రెండుసార్లకు సరిపోను గోలీలు ఇయ్యి" అని గట్టిగ చెప్పిన. ఎవరు నవ్వలేదు. అప్పుడు శైలేందర్ లోపల నవ్వుకున్నడు అనుకుంటి, ఇప్పుడు అట్ల గూడ అనిపిస్తలేదు.

గాని ఏం లాభం. హంసిక నోరు తెరుస్తలేదు. మందు అనంగనే పండ్లు గట్టిగ కరుచుకొని తలకాయ బొంతల దూరుస్తది. "చాక్లెట్ తీరు ఉంటది బిడ్డా" అన్న. నమ్మలేదు. బువ్వల కలిపి పెట్టిన. ఇప్పుడు దానికి నాలుక ముందుగాల చెప్తుంది, ఉమ్మేసింది. అప్పటి నుంచి బువ్వ గూడ వాసన చూసి తింటుంది. దవడ పట్టుకొని వేద్దామని చెయ్యి చాపిన. చాపి తీసేసుకున్న. గోలీలు అటుక మీద ఉన్నయి. నువ్వు చెప్పిన మందు ఇంట్లనే ఉన్నది, ఇచ్చేటోళ్ళు లేరు. రాత్రంత గోక్కుంటనే ఉన్నది. గోర్లు తీయనిస్తది, అదొక్కటే. ఏ వారమైనా తీస్తున్న, ఇప్పుడు వద్దనేటోళ్ళు లేరు.

నువ్వు రాలేవని నాకు అర్థమైంది. రమ్మని ఇగ రాయను, నీకు అదొక బాధ ఎందుకు.

నీ నల్లమొకం గొర్రెపిల్ల ముచ్చట నిన్న చెప్పిన. హంసిక కాయితం, పెన్ను అడిగి తీసుకున్నది. నేను పొయ్యి కాడ ఉన్న. నేలకు బోర్ల పండుకొని, ఎడమ చేత్తోని కాయితం అంచు పట్టుకొని, నాలుక బయటపెట్టి, ఇంతకుముందు తీరే చానసేపు వేసింది. నాకు తెచ్చిచ్చి, "ఈసారి నాలుగే కాళ్ళేసిన, బాపుకు చెప్పు. మొకం నల్లగ గీకిన. పడిపోయేటట్టు ఉన్నదా?" అన్నది.

పెన్నుల సిరా లేదు. ఎప్పుడు అయిపోయిందో దానికి తెలువదు. కాయితం తెల్లగనే ఉన్నది, కిందికి పైకి గీసిన గీరలు వేలుకు తగులుతున్నయి అంతే. నేను "మంచిగ నిలవడ్డది బిడ్డా" అన్న.

ఆ కాయితం దీనితోనే పెడుతున్న. ఫోటోల ఏం కనిపియ్యదు, షహజాదీ అక్క ఖాళీ కాయితం ఎందుకు అని అడిగినా తీయిస్త. నువ్వు మాత్రం కాళ్ళు నాలుగే ఉన్నయని రాయి. మొకం నల్లగ ఉన్నదని రాయి. నేను దానికి చదివి వినిపిస్త.

బాలమణి